పెరటి గడ్డికి పెట్రోలా.. బ్యాటరీయా?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఐర్లండ్‌లో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అద్దె ఇళ్ల కబుర్లు, క్రెష్ వెయిటింగ్ లిస్టుల బాధలు కాస్త వెనక్కి తగ్గుతాయి. వాటి మధ్యలోంచి ఏటా ఒకే ప్రశ్న తల ఎత్తుతుంది. ‘గడ్డి అంచులు కోసే మిషన్ కొనాలి. పెట్రోల్‌ది మంచిదా, బ్యాటరీదా?’ లూకన్, ఆడమ్స్‌టౌన్, సిటీవెస్ట్, స్వోర్డ్స్, నేస్, మేనూత్.. ఎక్కడ కొత్త ఇంటి తాళాలు చేతికొచ్చినా కథ ఒకటే. మొదటి ఏడాది సోఫాలు, కర్టెన్లతో గడిచిపోతుంది. రెండో ఏడాది పెరటి తలుపు తీసి చూస్తే గడ్డి మోకాలి దాకా ఉంటుంది. లాన్‌మోవర్ కొంటాం. అది ఫెన్సు దాకా వెళ్లి ఆగిపోతుంది. ఫెన్సు పక్కన, గోడ వారన, ట్రాంపోలిన్ కాళ్ల చుట్టూ జానెడు వెడల్పున గడ్డి అలాగే మిగిలిపోతుంది. ఆ జానెడు కోసమే ఈ చర్చంతా.

గ్రూపుల్లో వచ్చే జవాబులు మాత్రం రెండు పార్టీల మ్యానిఫెస్టోల్లా ఉంటాయి. ‘మగాడన్నవాడు పెట్రోల్‌దే కొంటాడు’ అని ఒకరు, ‘పెట్రోల్ కాలం అయిపోయింది బ్రో’ అని ఇంకొకరు. అడిగినవాడి పెరడు ఎంత, పక్కింట్లో ఎవరుంటారు, మిషన్ ఎక్కడ పెట్టుకుంటాడు అని ఎవరూ అడగరు. నేను డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ పదిహేనేళ్లు దాటాయి. మా ఇంట్లో బ్యాటరీది ఉంది. మీత్ కౌంటీలో అరెకరం స్థలం ఉన్న మిత్రుడి దగ్గర పెట్రోల్‌ది వాడుతుంటాను. రెండింటితోనూ చేతులు నొప్పి పుట్టించుకున్నాక రాస్తున్న మాటలివి.

ముందు పేరు సంగతి. ఇక్కడ అందరూ దీన్ని ‘స్ట్రిమ్మర్’ అంటారు. నిజానికి అది ఒక కంపెనీ ట్రేడ్ పేరు. మనం వనస్పతిని డాల్డా అన్నట్టు జనం నోట్లో పడి మామూలు మాటైపోయింది. ఇంటికి ఫోన్ చేసి ‘ట్రిమ్మర్ కొన్నాను’ అంటే మా అమ్మ ‘గడ్డానికి ఇప్పుడు అంత ఖరీదు పెట్టడం ఎందుకురా’ అంది. దీన్ని కనిపెట్టినాయన జార్జ్ బల్లాస్, అమెరికాలో హ్యూస్టన్ నివాసి. 1971లో కారు కడిగించుకుంటుంటే గిరగిరా తిరిగే బ్రష్షులు చూసి ఆయనకు ఆలోచన తట్టింది. ఖాళీ డబ్బాకు బెజ్జాలు పెట్టి, చేపలు పట్టే నైలాన్ దారం దూర్చి, అంచులు కోసే ఒక మిషన్‌కు తగిలించి తిప్పాడు. బ్లేడు లేకుండా దారంతోనే గడ్డి తెగింది. యాభై ఏళ్లు దాటినా సూత్రం అదే. దారాన్ని తిప్పేది ఇంజినా, మోటారా అన్నదే మన ప్రశ్న.

వాన లెక్క, గజాల లెక్క

హైదరాబాద్‌లో, డబ్లిన్‌లో ఏడాది మొత్తం కురిసే వాన దాదాపు ఒకటే అంటే చాలామంది నమ్మరు. రెండు చోట్లా ఇంచుమించు 750 నుంచి 850 మిల్లీమీటర్లు. తేడా ఏమిటంటే హైదరాబాద్‌లో ఆ వానలో ఎక్కువ భాగం నాలుగు నెలల్లో కుండపోతగా పడిపోతుంది. ఇక్కడ పన్నెండు నెలలూ తుంపరగా పడుతూనే ఉంటుంది. పడమటి వైపు, గాల్వే, కెర్రీల్లో అయితే ఇంతకన్నా చాలా ఎక్కువ. నేల వేడి 6 డిగ్రీలు దాటితే గడ్డి పెరగడం మొదలవుతుంది. అంటే మార్చి నుంచి అక్టోబర్ దాకా దానికి పండగే. మే, జూన్ నెలల్లో పది రోజులు ఊరెళ్లి వస్తే పెరడు గుర్తుపట్టలేం.

అందుకే ఇక్కడ మిషన్ ఎంత బలమైనది అనేదానికంటే ఎంత త్వరగా చేతికి వస్తుంది అనేది పెద్ద విషయం. శనివారం మధ్యాహ్నం రెండు వానల మధ్య నలభై నిమిషాలు ఎండ దొరుకుతుంది. ఆ టైములో పెట్రోల్ కొలిచి, ఆయిల్ కలిపి, ప్రైమర్ బుడగ నొక్కి, చోక్ వేసి, తాడు పదిసార్లు లాగి, అది దగ్గి దగ్గి స్టార్టయ్యేలోపు మళ్లీ చినుకులు మొదలు. బ్యాటరీది అయితే ‘క్లిక్’మని పెట్టి ట్రిగ్గర్ నొక్కడమే.

ఇక రెండోది గజాల లెక్క. 2024 జనవరిలో ఐర్లండ్ ప్రభుత్వం కొత్త ఇళ్లకు మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం మూడు బెడ్రూముల ఇంటికి సొంత ఖాళీ స్థలం కనీసం 40 చదరపు మీటర్లు, నాలుగు అంతకు మించి బెడ్రూములుంటే 50 చదరపు మీటర్లు ఉంటే చాలు. మన లెక్కలో 48 గజాలు, 60 గజాలు. పాత సెమీ డిటాచ్‌డ్ ఇళ్లకు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది గానీ, ఈమధ్య ఎస్టేట్లలో మనవాళ్లు కొంటున్నవి చాలావరకు ఈ కొలతలకు దగ్గరగా ఉంటున్నాయి. అందులో పేవింగ్ రాళ్లు, షెడ్డు, బట్టలారేసే తీగ పోను మిగిలే గడ్డి ఎంత?

స్ట్రిమ్మర్ విషయంలో కొలవాల్సింది గడ్డి వైశాల్యం కూడా కాదు, అంచు పొడవు. 60 గజాల పెరడు చుట్టూ అంచు మహా అయితే 30 మీటర్లు. ముందువైపు ముక్కతో కలిపి 40 మీటర్లు అనుకోండి. నింపాదిగా నడుస్తూ కోసినా పది పన్నెండు నిమిషాల పని. ఈ ఒక్క అంకె తెలిస్తే గ్రూపుల్లో జరిగే వాదనలో ముప్పావు వంతు అక్కడికక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు బ్యాటరీ లెక్క చూద్దాం. 18 వోల్టుల, 4 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండే శక్తి 72 వాట్ అవర్లు. గడ్డి పల్చగా ఉంటే అరగంట, దట్టంగా తడిగా ఉంటే పావుగంట పనిచేస్తుంది. మన పది నిమిషాల పనికి సరిపోగా ఇంకా మిగులుతుంది. కరెంటు యూనిట్ 35 సెంట్లు అనుకున్నా ఒకసారి నిండా చార్జ్ చేయడానికి మూడు సెంట్లు కూడా కాదు. అన్నట్టు, డబ్బా మీద ‘20 వోల్ట్ మ్యాక్స్’ అని ఉంటే 18 వోల్టుల దానికంటే గొప్పదనుకుని ఎక్కువ డబ్బులు పెట్టకండి. రెండింటిలోనూ ఐదు సెల్సే. నిండా చార్జ్ అయినప్పటి వోల్టేజ్ ఒకరు చెబుతారు, సగటు వోల్టేజ్ ఇంకొకరు చెబుతారు. అంతే తేడా.

మామయ్యగారి పరీక్ష

మా మామయ్యగారిది తెనాలి దగ్గర పల్లె. ఇప్పటికీ సొంతంగా వ్యవసాయం చేయిస్తారు. పొలం గట్ల మీద గడ్డి కోయడానికి ఆయన దగ్గర భుజానికి తగిలించుకునే పెట్రోల్ బ్రష్ కట్టర్ ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మొన్నటి వేసవిలో మూడు నెలలు ఉందామని వచ్చారు. ఇక్కడికొచ్చే మన పెద్దవాళ్లందరి సమస్యే ఆయనదీ. టీవీ ఎంతసేపని చూస్తారు? వచ్చిన నాలుగో రోజే పెరట్లోకి వెళ్లి షెడ్డులో ఉన్న మా మిషన్ బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

‘ఇది జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌లా ఉంది బాబూ. దీంతో గడ్డి తెగుతుందంటారా?’ అన్నారు.

‘మీరే ఒకసారి చూడండి మామయ్యగారూ’ అని బ్యాటరీ పెట్టిచ్చాను. ముందు లుంగీ మార్చి ప్యాంటు వేసుకోమని బతిమాలాల్సి వచ్చింది. తిరిగే దారానికి లుంగీ అంచు అందితే ఏమవుతుందో ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ అల్లుడు చెబితే ఒప్పుకోవడం మామగారికి కాస్త కష్టమే.

ఫెన్సు వెంట ఒక వరస కోసి వచ్చారు. గడ్డి తెగిన తీరు చూసి ఏమీ అనలేదు. బరువు గురించి మాత్రం అన్నారు. ఊళ్లో ఆయన వాడేది ఏడెనిమిది కిలోలు ఉంటుంది. ఇది బ్యాటరీతో కలిపి మూడు కిలోలు. ‘అది పట్టుకుంటే సాయంత్రానికి చేతులు జివ్వుమంటాయి. అన్నం కలపడానికి వేళ్లు వంగవు. దీనికి ఆ వణుకు లేదు’ అన్నారు. ఇంజిన్ అదురు చేతులకెక్కడం ఉత్తుత్తి మాట కాదు. పని చేసేచోట ఆ అదురుకు యూరప్‌లో చట్టబద్ధమైన పరిమితులే ఉన్నాయి. ఏళ్ల తరబడి వాడేవాళ్లకు వేళ్లు తెల్లబడి మొద్దుబారే జబ్బు వస్తుంది.

ఆ మూడు నెలలూ అంచులు కోయడం ఆయన డ్యూటీ అయింది. మా పెరడు అయిపోయాక ఎదురింట్లో ఒంటరిగా ఉండే ఐరిష్ పెద్దావిడ ముందు గార్డెన్ కూడా ఆయనే చేసేవారు. ఆమెకు తెలుగు రాదు, ఈయనకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. అయినా గేటు దగ్గర అరగంట నిలబడి ఏదో మాట్లాడుకునేవారు. తాడు లాగి స్టార్ట్ చేసే మిషన్ అయితే ఆయన ఎడమ భుజానికి ఆ పని చేతనయ్యేది కాదు. మా ఇంట్లో బ్యాటరీది ఉండటం వల్ల నాకు బాగా కలిసొచ్చింది ఇదే. మీ ఇంటికి వేసవిలో అమ్మానాన్నలో, అత్తమామలో వస్తుంటే ఈ కోణం కూడా చూసుకోండి.

ఆయన దగ్గర నేర్చుకున్నదీ ఉంది. నైలాన్ దారం ఏడాది పాటు షెడ్డులో పడి ఉంటే ఎండిపోయి పెళుసుబారుతుంది. ఊరికే తెగిపోతుంటే అందరం మిషన్‌ను తిట్టుకుంటాం. ‘ముందు రోజు రాత్రి నీళ్లలో నానబెట్టండి బాబూ, పప్పు నానబెట్టినట్టు’ అన్నారు. నైలాన్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది కాబట్టి ఇది నిజంగానే పనిచేస్తుంది. మళ్లీ మెత్తబడుతుంది.

గోడ అవతలి నిద్ర

మా గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో కేరళ దంపతులు ఉంటారు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. ఐర్లండ్‌లో మన ఎస్టేట్లు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ప్రతి వీధిలోనూ పగలు పడుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఉదయం తొమ్మిదికి వచ్చి పడుకున్న మనిషికి పదకొండింటికి పెట్రోల్ స్ట్రిమ్మర్ చెవిలో మోగితే ఎలా ఉంటుందో, ఆవిడ మా ఆవిడతో చెప్పుకున్నప్పుడు గానీ మాకు అర్థం కాలేదు. వీధి చివర ఒకరి దగ్గర ఉన్న పెట్రోల్ మిషన్ గురించే ఆ మాట.

కొనేటప్పుడు మిషన్ మీద స్పీకర్ బొమ్మతో ఒక అంకె ఉంటుంది, డెసిబెల్స్‌లో. అది వేయడం యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం తప్పనిసరి. పెట్రోల్ వాటికి మామూలుగా 105 పైన, ఒక్కోసారి 110 కూడా దాటుతుంది. బ్యాటరీవి 90 నుంచి 96 మధ్య ఉంటాయి. చూడటానికి పదిహేను అంకెల తేడానే. కానీ డెసిబెల్ లెక్కలో ప్రతి పదికీ శబ్ద శక్తి పది రెట్లు పెరుగుతుంది. చెవికి సుమారు రెట్టింపుగా వినిపిస్తుంది. బ్యాటరీది మా ఇంట్లో వాడితే కిటికీ మూసుకున్న పక్కింట్లో ఫ్యాను తిరిగినంత వినిపిస్తుందట.

వినలేనంత శబ్దం మాటిమాటికీ చేస్తుంటే పొరుగువారు నేరుగా డిస్ట్రిక్ట్ కోర్టుకు వెళ్లే వీలు 1992 నాటి ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ ఏజెన్సీ చట్టం, 108వ సెక్షన్‌లో ఉంది. పది నిమిషాల గడ్డి కోతకు ఎవరూ కోర్టుకెళ్లరనుకోండి. దీపావళికి స్వీట్లు ఇచ్చిపుచ్చుకునే గోడ అది. ఆ మొహమాటమే మన అసలు చట్టం.

కాలిఫోర్నియాలో ఉండే మా కజిన్‌కు ఈ చర్చే అర్థం కాదు. అక్కడ 2021లో చేసిన చట్టం వల్ల, 2024 నుంచి తయారయ్యే చిన్న పెట్రోల్ గార్డెన్ ఇంజిన్లు కొత్తవి అమ్మడానికి వీల్లేదు. పాతవి వాడుకోవచ్చు. ఐర్లండ్‌లో అలాంటి నిషేధం లేదు కాబట్టి తేల్చుకోవాల్సింది మనమే.

పెట్రోల్‌ది ఎందుకు మొరాయిస్తుంది

చాలా పెట్రోల్ స్ట్రిమ్మర్లలో ఉండేది టూ స్ట్రోక్ ఇంజిన్. మన పాత బజాజ్ చేతక్, లూనా బండ్లు గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బంకులో ‘ఆయిల్ కలపనా సార్’ అని అడిగేవాడు, అదే పద్ధతి. కంపెనీ చెప్పిన పాళ్లలో కలపాలి. 50కి 1 అంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల ఆయిల్, 40కి 1 అంటే 25 మిల్లీలీటర్లు. తక్కువైతే ఇంజిన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ. పైగా ఈ ఇంజిన్ తాగిన దాంట్లో పావు వంతు దాకా కాలకుండానే పొగతో బయటికి పోతుంది. ఆ పొగ వదిలే గొట్టం మన మొహానికి ఎంతో దూరం ఉండదు.

అసలు చిక్కు చలికాలంలో వస్తుంది. నవంబర్ నుంచి మార్చి దాకా మిషన్ కదలదు. 2023 జులై నుంచి ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోల్ అంటే ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది. ఇథనాల్ గాల్లో తేమను లాక్కుంటుంది. ట్యాంకులో, కార్బ్యురేటర్‌లో మిగిలిపోయిన పెట్రోల్ నెలల తరబడి ఉండి జిగురైపోతుంది, రబ్బరు పైపులు పాడవుతాయి. ఏప్రిల్‌లో తాడు ఎంత లాగినా స్టార్ట్ అవ్వకపోవడానికి పదిలో తొమ్మిదిసార్లు కారణం ఇదేనని మా మిత్రుడి మిషన్ చూసే మెకానిక్ అంటాడు. సర్వీసుకు ఇస్తే అయ్యే ఖర్చు కొత్త చవక మిషన్ ధరలో సగానికి దగ్గరగా ఉంటుంది. దీనికి మందు రెండు రకాలు. అక్టోబర్‌లో ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా ఇంజిన్ నడిపి పెట్టడం ఒకటి. ఇథనాల్ లేని, ఆయిల్ ముందే కలిపిన డబ్బా పెట్రోల్ కొనడం రెండోది. అది మామూలు పెట్రోల్ కన్నా రెండు మూడు రెట్లు ఖరీదే గానీ ఏళ్లు నిల్వ ఉంటుంది. ఏడాదికి రెండు లీటర్లు వాడేవాళ్లకు అది బరువేమీ కాదు.

అలాగని పెట్రోల్‌ను తీసిపారేయడానికి లేదు. అరెకరం అంటే ఇరవై గుంటలు, 2,420 గజాలు. మీత్, కిల్డేర్, వెక్స్‌ఫర్డ్ పల్లెల్లో సొంతంగా స్థలం కొని ఇల్లు కట్టుకున్న మనవాళ్లు కొందరున్నారు. వాళ్ల పొలిమేర వెంట ఉండేది లాన్ కాదు. నడుం ఎత్తు గడ్డి, ముళ్ల బ్రాంబుల్ తీగలు, తగిలితే మన దురదగొండిలా మంటపుట్టించే నెటిల్స్. అక్కడ 18 వోల్టుల మిషన్ తీసుకెళ్తే పావుగంటకోసారి ఇంట్లోకి పరుగెత్తాలి. ఇంజినీర్ బుద్ధి ఊరుకోక నేనొక లెక్క వేశాను. లీటరు పెట్రోల్‌లో సుమారు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజిన్ అందులో 15 శాతమే పనిగా మారుస్తుందనుకున్నా, అర లీటరు ట్యాంకు 72 వాట్ అవర్ల బ్యాటరీలు తొమ్మిదింటికి సమానం. రెండు మూడు గంటలు ఆపకుండా చేసే పనికి, లోహపు బ్లేడు తగిలించి పొదలు నరికే పనికి పెట్రోల్‌ది తిరుగులేనిది. 36 వోల్టుల పైన పెద్ద బ్యాటరీలతో వచ్చే ప్రొఫెషనల్ రకాలు ఆ పనీ చేస్తాయి. కానీ వాటికి రెండు మూడు బ్యాటరీలు కొనేసరికి ధర వేరే దారి పడుతుంది.

మామయ్యగారిని ఒక శనివారం అక్కడికి తీసుకెళ్లాను. పెట్రోల్ మిషన్ చూడగానే ఆయన మొహం వెలిగింది. అక్కడి పొలాల మధ్య మట్టి గట్టును ఐరిష్ రైతులు ‘డిచ్’ అంటారు. పుస్తకాల ఇంగ్లిష్‌లో డిచ్ అంటే గుంట, ఇక్కడి పల్లెల్లో గట్టు. ‘మన గట్టు లాగే ఉంది’ అని దాని మీదికి వెళ్లబోతుంటే మిత్రుడు ఆపాడు. ఎందుకంటే 1976 వైల్డ్‌లైఫ్ చట్టం 40వ సెక్షన్ ప్రకారం మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా హెడ్జ్‌లలో, గట్ల మీద, సాగులో లేని నేల మీద పెరిగిన మొక్కలను నరకకూడదు. పక్షులు గూళ్లు పెట్టే కాలమది. కొన్ని మినహాయింపులున్నాయి గానీ, మనకు తోచినట్టు నరికేస్తే కుదరదు. లాన్‌కు ఈ గొడవ లేదు. పల్లెల్లో ఇల్లు ఉన్నవాళ్లు మాత్రం పెట్రోల్ బ్రష్ కట్టర్ కొన్న ఉత్సాహంలో ఇది మర్చిపోవద్దు.

రెండు మొక్కల దగ్గర ఏ మిషన్ అయినా ఆపేయండి. జపనీస్ నాట్‌వీడ్‌ను స్ట్రిమ్మర్‌తో కొడితే చిన్న ముక్క ఎక్కడ పడినా అక్కడ మొలుస్తుంది. దాన్ని వ్యాపింపజేయడం చట్టరీత్యా నేరం. ఇల్లు అమ్మేటప్పుడు కూడా తలనొప్పి. నదుల పక్కన మనిషికన్నా ఎత్తు పెరిగే జెయింట్ హాగ్‌వీడ్ రసం చర్మం మీద పడి ఎండ తగిలితే కాలిన బొబ్బలు వస్తాయి. దారం తిరిగే వేగానికి ఆ రసం మొహమంతా చిమ్ముతుంది.

ఏడాదికి ఒకటి రెండుసార్లే పెద్ద పని ఉండేవాళ్లకు మూడో దారి ఉంది. టూల్ హైర్ షాపులు దాదాపు ప్రతి టౌన్‌లోనూ ఉన్నాయి. పెట్రోల్ మిషన్ రోజు అద్దెకు ఇస్తారు. దాని కార్బ్యురేటర్ బాధ వాళ్లే పడతారు.

కళ్లు, కాళ్లు, చిన్న ప్రాణులు

‘బ్యాటరీదే కదా, ఏమవుతుంది’ అనే ధీమా మనవాళ్లలో చూస్తుంటాను. షార్ట్స్, హవాయి చెప్పులతో దిగిపోతారు. దారం కొస తిరిగే వేగానికి గులకరాయి తూటాలా వస్తుంది. దానికి కరెంటు, పెట్రోల్ అన్న భేదం లేదు. కిరాయికి తెచ్చిన మిషన్‌తో పనిచేస్తూ నాకు తెలిసిన ఒకాయన కంట్లో చిన్న రాతి ముక్క పడింది. చూపు దక్కింది గానీ రెండు వారాలు స్క్రీన్ చూడలేకపోయారు. మన వృత్తుల్లో కళ్లు పోతే ఇంకేముంది? ఈఎన్ 166 అని రాసి ఉన్న రక్షణ అద్దాలు పది యూరోలకు దొరుకుతాయి. మామూలు కళ్లద్దాలు వాటికి బదులు కావు. మందపాటి ప్యాంటు, బూట్లు, పెట్రోల్‌దైతే చెవులకు మఫ్స్ కూడా.

మిషన్ల మీద చుట్టుపక్కల 15 మీటర్ల దాకా ఎవరూ ఉండకూడదని హెచ్చరిక స్టిక్కర్ ఉంటుంది. మన 60 గజాల పెరట్లో 15 మీటర్ల దూరం ఎక్కడుంది? కాబట్టి ఆ పది నిమిషాలూ పిల్లలు ఇంట్లోనే ఉండాలి, తలుపు మూసి. దారం మార్చేటప్పుడు బ్యాటరీ తీసేయాలి. ఆపిల్ మొక్కో, చెర్రీ మొక్కో నాటుకుంటే దాని మొదలు చుట్టూ అడుగు మేర గడ్డి లేకుండా చేసి చెక్క పొట్టు పరచండి. లేత చెట్టు బెరడును దారం చుట్టూతా గీరేస్తే చెట్టు మెల్లగా ఎండి చచ్చిపోతుంది. ఎందుకు చచ్చిందో మనకు తెలియను కూడా తెలియదు.

హెడ్జ్‌హాగ్ అని మన ముళ్లపందికి చిట్టి తమ్ముడిలా ఉండే జీవి ఇక్కడి పెరళ్లలో తిరుగుతుంది. చట్టరీత్యా రక్షణ ఉన్న జంతువు. శబ్దం వింటే అది పారిపోదు, ఉండలా చుట్టుకుంటుంది. పొడవు గడ్డి కోసేముందు కర్రతో ఒకసారి కదిపి చూడటం మంచిది. ఇక మే నెలలో డాండెలియన్ పసుపు పూలన్నిటినీ కొట్టేయాలని ఆత్రపడకండి. ఐర్లండ్‌లో ఉన్న వందకు దగ్గరగా తేనెటీగల జాతుల్లో మూడో వంతు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. ఆ పూలు వాటికి తొలి ఆహారం. 2015లో మొదలైన ఆల్ ఐర్లండ్ పోలినేటర్ ప్లాన్ చెప్పేదీ అదే. మా పెరట్లో ఒక మూల వదిలేస్తున్నాం. ఆ వారం స్ట్రిమ్మర్ పని ఇంకో మూడు నిమిషాలు తగ్గింది, అది వేరే సంగతి.

కొనే ముందు

బ్యాటరీ మిషన్ కొనడమంటే ఒక కుటుంబంతో వియ్యమందడం లాంటిది. మిషన్ కంటే బ్యాటరీ, చార్జరే ఖరీదు. ఇప్పటికే మీ దగ్గర ఒక కంపెనీ డ్రిల్ ఉంటే, అదే బ్యాటరీతో నడిచే స్ట్రిమ్మర్ ఒట్టి మిషన్ మాత్రమే కొనుక్కుంటే సగం డబ్బు మిగులుతుంది. అయితే పేరొక్కటే చూసి మోసపోవద్దు. బాష్‌లో ఆకుపచ్చ రంగు ఇంటి రకం 18 వోల్టుల బ్యాటరీ, నీలి రంగు ప్రొఫెషనల్ రకానికి ఎక్కదు. ర్యోబీ వాళ్లు 1996 నుంచి 18 వోల్టుల బ్యాటరీ ఆకారం మార్చలేదు. లిడిల్‌లో పార్క్‌సైడ్ 20 వోల్టులవి చవకే, చిన్న పెరడుకు బాగా చాలు. కాకపోతే వాళ్లు పెట్టిన వారమే దొరుకుతాయి. మోటారు ‘బ్రష్‌లెస్’ అని ఉంటే కొంచెం ఎక్కువ పెట్టినా ఫరవాలేదు. అరుగుదల తక్కువ, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ప్లాస్టిక్ బ్లేడు ముక్కలు తగిలించే రకం కన్నా దారం రకమే మేలని నా అభిప్రాయం.

నిజం చెప్పాలంటే 40 గజాల గడ్డికి వైరు తగిలించే కరెంటు మిషన్ అన్నిటికన్నా చవక. కానీ తడి గడ్డిలో వైరు ఈడ్చుకుంటూ తిరగడం ఈ దేశంలో నాకు మనసొప్పదు.

బ్యాటరీని చలికాలం షెడ్డులో వదలొద్దు. ఇంట్లో, సగం చార్జ్‌తో పెట్టండి. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఉన్నదాన్ని చార్జ్ చేస్తే లిథియం సెల్స్ పాడవుతాయి. కంపెనీ చార్జరే వాడండి, రాత్రంతా మెట్ల కింద పెట్టి పడుకోకండి. ఐదారేళ్లకు బ్యాటరీ నీరసిస్తుంది. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. బ్రిటన్ వెబ్‌సైట్లలో చవగ్గా కనిపిస్తే బ్రెగ్జిట్ గుర్తు తెచ్చుకోండి. వ్యాట్ ఎలాగూ పడుతుంది, కస్టమ్స్ సుంకం కూడా పడవచ్చు.

ఊరికి తీసుకెళ్దామనుకునేవాళ్లు కూడా అడుగుతుంటారు. రెండు దేశాల్లోనూ 230 వోల్టులే కాబట్టి చార్జర్ పనిచేస్తుంది, ప్లగ్గు మారిస్తే చాలు. విడి లిథియం బ్యాటరీలు చెక్‌ఇన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల లోపువి చేతి సంచీలో తీసుకెళ్లవచ్చు, అంతకు మించి 160 దాకా అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్‌ది 90 వాట్ అవర్లే. పెట్రోల్ పోసి వాడిన మిషన్‌ను మాత్రం విమానం ఎక్కించాలనే ఆలోచన పెట్టుకోకండి. మామయ్యగారిని అడిగాను, ఒకటి తీసుకెళ్తారా అని. ‘మన గట్లకు ఇది చాలదు బాబూ. ఇక్కడే ఉంచండి, వచ్చే ఏడు వస్తాగా’ అన్నారు.

పాత మిషన్ సంగతి. అయిపోయిన బ్యాటరీలను, మీరు ఏమీ కొనకపోయినా, ఆ రకం బ్యాటరీలు అమ్మే షాపు ఉచితంగా తీసుకోవాలి. కొత్త కరెంటు మిషన్ కొంటే అదే రకం పాతదాన్ని వెనక్కి తీసుకోవడం కూడా వాళ్ల బాధ్యతే. కౌంటీ కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్లలోనూ ఇవ్వవచ్చు. లిథియం బ్యాటరీని ఇంటి బిన్‌లో మాత్రం వేయకండి, చెత్త లారీలో నలిగితే అంటుకుంటుంది. పెట్రోల్‌దైతే ట్యాంకు ఖాళీ చేశాకే తీసుకెళ్లండి. మిగిలిన ఆయిల్ కలిపిన పెట్రోల్ తీసుకుంటారో లేదో వెళ్లేముందు ఆ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. అన్ని చోట్లా ఒకే రూలు లేదు.